టన్నెల్ పెట్టుకోమనే ముందు ఓఎన్‌టీ బాక్సు చూడమనండి

సంపాదకులకు,

ఇంట్లో ఇంటర్నెట్‌కు ఐపీవీ6 (ఇంటర్నెట్ అడ్రసుల కొత్త పద్ధతి, పాతది ఐపీవీ4) రావడం లేదని అడిగిన పాఠకుడికి, ఐపీవీ6ను పాత ఐపీవీ4 లైను మీదుగానే తెచ్చే ఉచిత టన్నెల్ సర్వీసు ఒకటి పెట్టుకోండని మీ సాంకేతిక శీర్షికలో జవాబిచ్చారు. సలహాలో తప్పేమీ లేదు. కాకపోతే సగం దారిలో ఆగిపోయింది. హైదరాబాద్‌లో ఇవాళ బ్రాడ్‌బ్యాండ్ ఉన్న తీరుకి, ఆ జవాబు చదివి టన్నెల్ పెట్టడానికి కూర్చున్నవాళ్లలో చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఇరుక్కుంటారు. అది దాటినవాళ్లలో కొందరు అంతకుముందు బాగా నడిచిన యూట్యూబ్‌ను కూడా చేజేతులా నెమ్మది చేసుకుంటారు. నెట్‌వర్క్ పనిలో ఉన్నవాళ్లుగా ఆ మిగతా సగం రాస్తున్నాం. ఉత్తరం పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే చరిత్ర భాగం కత్తిరించండి గానీ ఎంటీయూ (లైను మీద పోయే ఒక్కో డేటా ముక్క, అంటే ప్యాకెట్, ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే కొలత) అంకెల జోలికి పోకండి.

ముందు టన్నెల్ అక్కర్లేని ఇళ్ల సంగతి. ఐపీవీ6కు మారే గడువులను టెలికం శాఖ 2021 నవంబరులో సవరించింది. 2022 డిసెంబరు 31 తర్వాత ఇచ్చే ప్రతి కొత్త వైర్‌లైన్ రిటైల్ కనెక్షనూ ఐపీవీ6 ట్రాఫిక్‌ను మోయగలిగేలా ఉండాలంది. ‘మోయగలిగేలా’ అన్న మాటలోనే ఉంది తిరకాసు. లైను మోయగలదు, బాక్సులో మాత్రం ఆ మీట వేసి ఉండదు. ఫైబర్ లాగిన అబ్బాయి ఐపీవీ4 ప్రొఫైల్ ఎక్కించి, స్పీడ్ టెస్ట్ చూపించి, ఓటీపీ చెప్పించుకుని వెళ్లిపోతాడు. కాబట్టి బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి ఓఎన్‌టీ (ఫైబర్ లైను వచ్చి చేరే బాక్సు) పేజీలోకి వెళ్లండి. కొన్ని బాక్సులకు అది 192.168.0.1 గానీ 192.168.100.1 గానీ ఉంటుంది, అడుగున అంటించిన స్టిక్కర్ మీద చూస్తే తెలుస్తుంది. వాన్ (ఆపరేటర్ వైపు) సెట్టింగుల్లో ‘ఐపీ మోడ్’ అనో ‘ప్రొటోకాల్ టైప్’ అనో ఒక గడి ఉంటుంది. అక్కడ ఉత్త ఐపీవీ4 అని ఉంటే, ఐపీవీ4, ఐపీవీ6 రెండూ ఉన్న (డ్యూయల్ స్టాక్) ఆప్షన్‌కు మార్చండి. డీహెచ్‌సీపీవీ6 ప్రిఫిక్స్ డెలిగేషన్‌కు (ఇంట్లో పంచుకోవడానికి ఆపరేటర్ నుంచి ఒక అడ్రసుల బ్లాకు, అంటే ప్రిఫిక్స్, తీసుకునే ఏర్పాటు) టిక్ పెట్టండి. లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) వైపు రూటర్ అడ్వర్టయిజ్‌మెంట్ (ఆ ప్రిఫిక్స్‌ను పరికరాలకు చాటే ప్రకటన) ఆన్ చేసి, బాక్సును ఒకసారి ఆపి మళ్లీ వేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఉన్న వాన్ ప్రొఫైల్‌ను ఎడిట్ చేయండి, తీసేసి కొత్తది తయారుచేయకండి. వీలాన్ నంబరు (ఆపరేటర్ లైనుకు పెట్టిన గుర్తు), పీపీపీఓఈ (ఆపరేటర్ దగ్గర లాగిన్ అయ్యే పద్ధతి) పాస్‌వర్డు ఆ పాత ప్రొఫైల్‌లోనే ఉంటాయి. అది పోతే ఉన్న ఐపీవీ4 కూడా పోయి, ఆదివారం పూట కేబుల్ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. ముట్టుకునే ముందు ఆ స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే గొడవ వదిలిపోతుంది.

బాక్సు తిరిగి లేచాక వాన్ పేజీలో 2తో మొదలయ్యే పొడవాటి అడ్రసు గానీ ప్రిఫిక్స్ గానీ కనిపిస్తే పని అయిపోయినట్టే, టన్నెల్ మాట మర్చిపోవచ్చు. ఎఫ్‌ఈ80తో మొదలయ్యే అడ్రసు ఒక్కటే కనిపిస్తే లెక్కలోకి రాదు. అది బాక్సు తనకు తాను పెట్టుకున్న పేరు, గడప దాటదు. ఐపీవీ6 ఎలా ఉంటుందో కళ్లతో చూడాలనుకుంటే ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఫోన్ సెట్టింగుల్లోని స్టేటస్ పేజీ తెరవండి. జియో సిమ్‌లో 2409:40తో, ఎయిర్‌టెల్ సిమ్‌లో 2401:4900తో మొదలయ్యే అడ్రసులు కనిపిస్తాయి. జేబులో ఫోన్‌కు ఎప్పుడో వచ్చేసింది ఇంటి గోడకున్న బాక్సుకు రాకపోవడం, మన ఊళ్లో ఈ విషయంలో అన్నిటికన్నా విడ్డూరం.

బాక్సులో అన్నీ సరిచేసినా రాలేదు, ఆపరేటర్ ఇంకా ఇవ్వడం లేదు అని తేలాకే టన్నెల్. దాని పనితీరు తెలిస్తే ఎక్కడ తెగుతుందో కూడా తెలుస్తుంది. మీ రూటర్ ఐపీవీ6 ప్యాకెట్‌ను పూర్తిగా ఒక ఐపీవీ4 కవరులో పెట్టి, టన్నెల్ సర్వీసు వాళ్ల సర్వర్ అడ్రసు రాసి పంపుతుంది. ఆ సర్వర్ కవరు చించి, లోపలిదాన్ని ఐపీవీ6 లోకంలోకి వదులుతుంది. జవాబు వచ్చేటప్పుడు అదే పని తిరగేసి జరుగుతుంది. ఆ కవరు అంటే 20 బైట్ల ఐపీవీ4 హెడర్. అందులో పదో బైటు లోపలి సరుకేమిటో చెబుతుంది: మామూలుగా డేటా పంపే రెండు పద్ధతుల్లో టీసీపీ అయితే 6, యూడీపీ అయితే 17, లోపల ఉన్నది ఐపీవీ6 ప్యాకెట్టే అయితే 41. దీన్నే ‘6ఇన్4’ అంటారు. ఈ 41ని పోర్టు నంబరు అనుకుని రూటర్లో 41వ పోర్టు ఫార్వర్డ్ చేసి, ఎందుకు పనిచేయడం లేదని తలపట్టుకునేవాళ్లు ఎక్కువ. అది ప్రొటోకాల్ నంబరు. పోర్టు అన్నదే ఈ కవరు మీద ఉండదు.

పోర్టు లేకపోవడమే హైదరాబాద్‌లో టన్నెళ్లకు పెద్ద గండం. ఐపీవీ4 అడ్రసులు మొత్తం 429 కోట్ల చిల్లర. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి అడ్రసులు పంచే ఏపీనిక్ 2011 ఏప్రిల్ నుంచే చివరి గంప అడుగు గీకుతూ ఉంది. అందుకని ఆపరేటర్లు వందల ఇళ్లను ఒకే పబ్లిక్ అడ్రసు వెనక కూర్చోబెడతారు. ఇదే సీజీనాట్. పెద్ద అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది: వచ్చే పార్సిల్ మీద ఫ్లాట్ నంబరు ఉంటే పైకి పంపుతాడు, పేరూ ఊరూ తప్ప ఏమీ లేకపోతే గేటు దగ్గరే పడేస్తాడు. పోర్టు నంబరే ఆ ఫ్లాట్ నంబరు. 41వ ప్రొటోకాల్ పార్సిల్‌కు అది లేదు కనుక సీజీనాట్ దాన్ని ఏ ఇంటికి పంపాలో తెలియక వదిలేస్తుంది.

మీరు గేటు లోపల ఉన్నారో బయట ఉన్నారో తేల్చుకోవడం ఒక్క నిమిషం పని. ఓఎన్‌టీ వాన్ పేజీలో ఉన్న ఐపీవీ4 అడ్రసు రాసుకోండి. నా ఐపీ ఏమిటి అని గూగుల్‌ను అడిగితే వచ్చే అడ్రసుతో పోల్చండి. రెండూ ఒకటైతే మీది పబ్లిక్ ఐపీ. వేరైతే, ముఖ్యంగా వాన్ అడ్రసు 10తో గానీ, 100.64 నుంచి 100.127 మధ్య గానీ మొదలైతే, సీజీనాట్ వెనక ఉన్నట్టు. ఈ 100.64 బ్లాకును సరిగ్గా ఇలాంటి వాడకానికే 2012లో పక్కన పెట్టారు. సీజీనాట్ వెనక ఉన్నవాళ్లు ‘6ఇన్4’ టన్నెల్ కోసం ఇంకో గంట కూడా వృథా చేయనక్కర్లేదు. ఆపరేటర్‌కు విడిగా డబ్బు కట్టి స్టాటిక్ పబ్లిక్ ఐపీ తీసుకోవాలి, లేదంటే కింద రాసిన వైర్‌గార్డ్ దారి పట్టాలి.

పబ్లిక్ ఐపీ ఉన్నవాళ్లకు ఇప్పుడు ఉచితంగా మిగిలిన పేరున్న సర్వీసు హరికేన్ ఎలక్ట్రిక్ కంపెనీది. రిజిస్టర్ చేసుకుని మీ ఐపీవీ4 అడ్రసు ఇస్తే, ముందు దాన్ని పింగ్ చేసి (ఉన్నావా అని చిన్న ప్యాకెట్‌తో పలకరించి) చూస్తుంది. ఓఎన్‌టీల్లో వాన్ వైపు పింగ్‌కు జవాబివ్వడం మామూలుగా ఆపేసి ఉంటుంది. ఆ ఆప్షన్ తెరవకపోతే ఫారం దగ్గరే ఎర్ర గీత పడుతుంది. తర్వాత సర్వర్ ఎంచుకోమంటుంది. మ్యాపులో దగ్గరున్నవాటిలో సింగపూర్ ఒకటి. కానీ మ్యాపు చూసి కాదు, ట్రేస్‌రూట్ (ప్యాకెట్ పోయే దారి చూపే కమాండ్) చూసి ఎంచుకోండి. కొందరు ఆపరేటర్ల దారి సింగపూర్‌కు నేరుగా పోకుండా యూరప్ తిరిగి వెళ్తుంది, అలాంటప్పుడు లెక్కలన్నీ మారిపోతాయి. నేరుగా వెళ్లినా గీత గీసినట్టు కొలిస్తే ఇక్కడినుంచి సుమారు 3,300 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుతురు మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు పోతుందనుకుంటే రానూపోనూ 33 మిల్లీసెకన్లు దూరానికే ఖర్చు. నిజం తీగ సముద్రం కింద వంకర్లు తిరుగుతుంది కనుక దానికి రెట్టింపు దాకా చూసినా ఆశ్చర్యపోవద్దు.

టన్నెల్ తయారయ్యాక పేజీలో అయిదు వివరాలు ఇస్తుంది: సర్వర్ ఐపీవీ4, మీ ఐపీవీ4, సర్వర్ ఐపీవీ6 (చివర 1), మీ ఐపీవీ6 (చివర 2), రూటెడ్ /64 (/64 అంటే అడ్రసుల బ్లాకు సైజు, ఆ అంకె ఎంత చిన్నదైతే బ్లాకు అంత పెద్దది). మొదటిసారి పెట్టేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. టన్నెల్ రెండు కొసలకు వాడే /64 వేరు, ఇంట్లో పరికరాలకు పంచాల్సిన రూటెడ్ /64 వేరు. రెండూ చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి. సింగపూర్ సర్వర్ మీద చూస్తే 2001:470 తర్వాత వచ్చే మూడో భాగంలో ఒకదానికి 35, ఇంకోదానికి 36. అంతే తేడా. టన్నెల్ కొసకు ఇచ్చిన /64ను వైఫైలో పంచితే లాప్‌టాప్‌కు అడ్రసు వస్తుంది, గుర్తు వెలుగుతుంది, పేజీ ఒక్కటీ తెరుచుకోదు. వెళ్లిన ప్యాకెట్‌కు జవాబు మీ ఇంటి దాకా రావాలని అవతలి సర్వర్‌కు తెలియదు గదా. ఇంట్లో రెండు మూడు విడి నెట్‌వర్కులు కావాలంటే అదే పేజీలో /48 అడిగి తీసుకోవచ్చు, డబ్బేమీ అడగరు. ఒక /48లో 65,536 /64లు ఉంటాయి. కాలనీ మొత్తానికి సరిపోయినా మిగులుతాయి.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన రూటర్‌లో ‘6ఇన్4’ ప్యాకేజీ వేసుకుంటే ఈ అయిదు వివరాలకూ గడులు కనిపిస్తాయి. మైక్రోటిక్ కంపెనీ రూటర్లలో ఇదే పనికి వాడే ఇంటర్‌ఫేస్ పేరు ‘6టు4’ అని ఉంటుంది, పేరు చూసి కంగారు పడకండి, పని ‘6ఇన్4’దే. మీ రూటర్ ఓఎన్‌టీ వెనక ఉండి, దాని సొంత వాన్ అడ్రసు 192.168తో మొదలవుతుంటే, లోకల్ అడ్రసు గడిలో ఆ 192.168 అడ్రసే రాయాలి, బయటి పబ్లిక్ అడ్రసు రాయకూడదు. తనది కాని అడ్రసు పేరుతో రూటర్ ప్యాకెట్ పంపలేదు. ఓఎన్‌టీలో డీఎంజెడ్ (బయటినుంచి వచ్చేదంతా ఒకే పరికరానికి పంపే) గడిలో ఆ రూటర్ అడ్రసు పెడితే కొన్ని బాక్సులు 41వ ప్రొటోకాల్‌ను లోపలికి వదులుతాయి. కొన్ని టీసీపీ, యూడీపీలనే వదులుతాయి. వదలని బాక్సును బ్రిడ్జ్ మోడ్‌లోకి (లైనును ఉన్నదున్నట్టు మీ రూటర్‌కు అందించే మోడ్) మార్పించి, పీపీపీఓఈ లాగిన్ మీ రూటర్‌లోనే పెట్టుకోవడం మంచిది. ఓఎన్‌టీ వెనకే నడిపేట్టయితే టన్నెల్‌ను ఖాళీగా ఉంచకూడదు. లైనక్స్ మీద నడిచే బాక్సుల్లో టీసీపీ, యూడీపీ కాని ప్రొటోకాళ్ల లెక్కను మామూలుగా 600 సెకన్లే గుర్తుంచుకుంటారు. పది నిమిషాలు ఏమీ పంపకపోతే బయటినుంచి వచ్చేది ఆగిపోతుంది. నిమిషానికో పింగ్ పెడితే ఆ సమస్య రాదు.

ఇక ఎంటీయూ. టన్నెల్ ఫిర్యాదుల్లో అన్నిటికన్నా తికమక పెట్టేది ఇదే, ఎందుకంటే సగం పనిచేస్తుంది. పింగ్ వెళ్తుంది. చిన్న పేజీలు తెరుచుకుంటాయి. ఫొటోలున్న పేజీ సగం వచ్చి గిరగిరా తిరుగుతూ ఉంటుంది. కారణం కవరు బరువు. మామూలు లైనులో ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు. 20 బైట్ల కవరు పోగా లోపల 1480 మిగులుతుంది. పీపీపీఓఈ లాగిన్‌తో నడిచే కనెక్షన్ అయితే దానికి ఇంకో 8 బైట్లు పోయి లైనే 1492 అవుతుంది, కాబట్టి టన్నెల్‌కు 1472. ఐపీవీ6లో దారి మధ్య రూటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. పట్టకపోతే పడేసి, ‘ప్యాకెట్ పెద్దదైంది’ అని ఐసీఎంపీవీ6 కబురు పంపుతాయి. ఆ కబురును మధ్యలో ఏ ఫైర్‌వాల్ మింగేసినా పంపినవాడికి సంగతే తెలియదు, అదే సైజులో మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటాడు. మీ స్క్రీన్ మీద తిరిగే చక్రం అదే.

సరిచేయాల్సింది మూడు చోట్ల. రూటర్‌లో టన్నెల్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూ 1480, పీపీపీఓఈ అయితే 1472. టన్నెల్ సర్వీసు పేజీలో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో అవతలి కొస ఎంటీయూ కూడా అదే అంకెకు దింపాలి. ఇది చాలామంది మర్చిపోతారు, మీ వైపు తగ్గించినంత మాత్రాన అటునుంచి వచ్చేవి చిన్నవి కావు. మూడోది ఫైర్‌వాల్‌లో టీసీపీ ఎంఎస్‌ఎస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే అసలు డేటా) బిగింపు: ఎంటీయూలోంచి ఐపీవీ6 హెడర్ 40, టీసీపీ హెడర్ 20 తీసేస్తే 1480కి 1420, 1472కి 1412. సరిపోయిందో లేదో చూడాలంటే పింగ్‌కు సైజు ఇచ్చి కొట్టండి. 1480 ఎంటీయూ మీద 1432 బైట్ల పింగ్‌కు జవాబు రావాలి, ఎందుకంటే ఐపీవీ6 హెడర్ 40, ఐసీఎంపీ హెడర్ 8 కలిస్తే 1480 నిండుతుంది. 1432కు రాక 1424కు వస్తే మీది పీపీపీఓఈ లైను, అంకెలు 1472కు దించండి. ఎంత తిప్పలు పడినా కుదరకపోతే రెండువైపులా 1280 పెట్టేయండి. ఐపీవీ6 నడిచే ఏ లైనైనా అంతమాత్రం మోయాల్సిందేనని నియమం. వేగం కొంచెం తగ్గుతుంది, చక్రం మాత్రం ఆగుతుంది.

కరెంటు పోయి వచ్చాక మొదలయ్యే ఫిర్యాదు ఇంకొకటి. స్టాటిక్ ఐపీ లేని పీపీపీఓఈ కనెక్షన్‌లో బాక్సు మళ్లీ లేవగానే పబ్లిక్ అడ్రసు మారుతుంది. రూటర్‌లో టన్నెల్ ఆన్ అనే కనిపిస్తుంది, ట్రాఫిక్ సున్నా. అవతలి సర్వర్ మీ జవాబులన్నీ పాత అడ్రసుకు, అంటే ఇప్పుడు ఆ అడ్రసు దక్కిన ఇంకెవరి ఇంటికో పంపుతూ ఉంటుంది. రూటర్‌లో టన్నెల్ నంబరు, యూజర్‌నేమ్, అప్‌డేట్ కీ పెట్టుకుంటే అడ్రసు మారినప్పుడల్లా అదే వెళ్లి చెప్పుకుంటుంది. కీ గడిలో అకౌంట్ పాస్‌వర్డు కొట్టకండి. టన్నెల్ పేజీలో విడిగా ఇచ్చిన కీ వాడండి.

యూట్యూబ్ నెమ్మదించే సంగతి చెబుతామన్నాం. కంప్యూటర్‌కు ఐపీవీ4, ఐపీవీ6 రెండు దారులూ కనిపిస్తే దేన్ని ముందు పట్టాలో ఒక ప్రాధాన్య పట్టిక ఉంటుంది. 2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6724 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రాలు) ప్రకారం మామూలు ఐపీవీ6కు 40, ఐపీవీ4కు 35. మీ టన్నెల్ అడ్రసు 2001:470తో మొదలవుతుంది, అది ఎలా చూసినా మామూలు ఐపీవీ6 అడ్రసే, కాబట్టి దానికే మొదటి పీట. బ్రౌజర్లు రెండు దారులనూ పోటీ పెడతాయి నిజమే, కానీ ఐపీవీ6ను ముందు వదిలి, ఐపీవీ4ను పావు సెకను దాకా ఆపుతాయి. సింగపూర్ వెళ్లి రావడానికి 70 మిల్లీసెకన్లు పట్టినా పావు సెకనులోపే గదా, టన్నెలే గెలుస్తుంది. ఫలితం ఏమిటంటే, ఆపరేటర్ దగ్గరే, ఊళ్లోనే ఉన్న, వీడియో కాపీలు దాచి ఉంచే క్యాష్ సర్వర్ నుంచి రావాల్సిన వీడియో సముద్రం దాటి వెళ్లి వస్తుంది. పైగా చవక రూటర్లు మామూలు ట్రాఫిక్‌ను చిప్‌లోని షార్ట్‌కట్‌తో తోస్తాయి. టన్నెల్ కవర్లు చుట్టే పనికి ఆ షార్ట్‌కట్ పనికిరాదు, ప్రాసెసరే చేయాలి. 300 ఎంబీపీఎస్ ప్లాన్ కాగితం మీదే మిగులుతుంది. నెట్‌ఫ్లిక్స్ అయితే 2016లోనే హరికేన్ ఎలక్ట్రిక్ టన్నెళ్లను ప్రాక్సీల కింద జమకట్టి ఆపేసింది. ఇంట్లో టీవీ చూసేవాళ్లకు ఇవన్నీ వివరించే బదులు, టన్నెల్‌కు విడిగా ఒక వైఫై పేరు పెట్టి, రూటెడ్ /64ను దాని మీదే ప్రకటించండి. ప్రయోగాలు చేసుకునే లాప్‌టాప్ దాని మీద, టీవీ, ఫోన్లు పాతదాని మీద. ఇది చేయకుండా టన్నెల్ పెట్టమని చెప్పడమే మీ జవాబులో మాకు నచ్చనిది.

భద్రత గురించి రెండు ముక్కలు. నాట్ (ఇంట్లో పరికరాలన్నిటినీ ఒకే అడ్రసు వెనక ఉంచే పద్ధతి) వెనక ఉన్నప్పుడు బయటివాళ్లు లోపలికి రాలేకపోవడం ఒక యాదృచ్ఛిక రక్షణ. టన్నెల్‌తో ప్రతి పరికరానికీ బయటినుంచి అందే అడ్రసు వస్తుంది, సీసీ కెమెరాల డీవీఆర్ బాక్సుతో సహా. ఆ డీవీఆర్‌కు ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉండి ఉంటే ఇక చెప్పేదేముంది! రూటర్‌లో టన్నెల్ నుంచి లాన్‌కు వచ్చే కొత్త కనెక్షన్లన్నీ ఆపి, లోపలినుంచి మొదలైనవాటి జవాబులు మాత్రం వదలండి. ఐసీఎంపీవీ6 మొత్తాన్ని మూసేయకండి. కనీసం 1, 2, 3, 4 రకాలు వదలాలి. అందులో 2వది పైన చెప్పిన ‘ప్యాకెట్ పెద్దదైంది’ కబురు. వాన్ వైపు 41వ ప్రొటోకాల్‌ను మీ టన్నెల్ సర్వర్ ఐపీవీ4 నుంచి వస్తేనే తీసుకోండి. ‘6ఇన్4’లో తాళం, సంతకం ఏవీ ఉండవు, అది వీపీఎన్ కాదు. ఇంటినుంచి ఆఫీసు పని చేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఆఫీసు వీపీఎన్ ఐపీవీ4ను మాత్రమే లాక్కునే రకమైతే, ఐపీవీ6 ఉన్న సైట్లకు వెళ్లే ట్రాఫిక్ దాన్ని తప్పించుకుని మీ టన్నెల్‌లోంచి పోతుంది. ఐటీ విభాగం అడిగితే జవాబు చెప్పుకోవడం కష్టం.

సీజీనాట్ వెనక ఉన్నవాళ్లకు చెబుతామన్న దారి: ఐపీవీ6 ఉన్న చిన్న క్లౌడ్ సర్వర్ ఒకటి అద్దెకు తీసుకుని, దానికీ ఇంటికీ మధ్య వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వేయడం. వైర్‌గార్డ్ యూడీపీ మీద నడుస్తుంది, అంటే ఫ్లాట్ నంబరు ఉంటుంది, పైగా కనెక్షన్ ఇంటివైపు నుంచే మొదలవుతుంది కనుక వాచ్‌మన్ అడ్డుపడడు. 25 సెకన్లకోసారి కీప్‌అలైవ్ (కనెక్షన్ తెగకుండా పంపే చిన్న ప్యాకెట్) పెట్టుకోండి. అమెజాన్ క్లౌడ్‌కు 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనే రీజియన్ ఉంది, కాబట్టి సింగపూర్ దూరం కూడా కలిసొస్తుంది. ఖర్చు లెక్క ముందే వేసుకోండి: 2024 ఫిబ్రవరి నుంచి ఒక్కో పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకు గంటకు 0.005 డాలర్లు వేస్తున్నారు, నెలకు మూడున్నర డాలర్లు దాటుతుంది. సర్వర్ అద్దె, బయటికి వెళ్లే డేటా విడి. అక్కడ సర్వర్‌కు జోడించి ఇచ్చే ప్రిఫిక్స్ /80. ఇంట్లో పరికరాలు వాటంతటవే అడ్రసు పెట్టుకోవాలంటే /64 ఉండాల్సిందే, /80తో కుదరదు. ఒక్కో పరికరానికి చేత్తో గానీ డీహెచ్‌సీపీవీ6తో గానీ ఇవ్వాలి. వేరే కంపెనీ వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకుంటే, వాళ్లిచ్చే /64 మీ సర్వర్‌కు రూట్ చేసి ఇస్తారా, ఊరికే ఆ నెట్‌వర్క్ మీద వదిలేస్తారా అని డబ్బు కట్టకముందే అడగండి. వదిలేసే రకమైతే ఎన్‌డీపీ ప్రాక్సీ (ఇంటి పరికరాల తరఫున సర్వరే జవాబిచ్చే ఏర్పాటు) పెట్టుకోవాలి, అదో తలనొప్పి. ఎంటీయూ 1420 ఉంచేయండి. ఐపీవీ4 మీద వైర్‌గార్డ్ బరువు 60 బైట్లు, కలిపితే 1480, పీపీపీఓఈ లైనులోనూ పడుతుంది.

ఇందులో ఒక గుంట ఉంది, పడ్డాక గానీ తెలియదు. లైనక్స్ సర్వర్‌లో ఐపీవీ6 ఫార్వర్డింగ్ ఆన్ చేయగానే, అది తానే రూటర్ననుకుని, పై రూటర్ చేసే ప్రకటనలు వినడం మానేస్తుంది. అప్పటికే ఉన్న డిఫాల్ట్ రూట్ గడువు తీరేదాకా అంతా బ్రహ్మాండంగా నడుస్తుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి సర్వర్‌కే ఐపీవీ6 పోతుంది. ఆ ఇంటర్‌ఫేస్‌కు ‘యాక్సెప్ట్ ఆర్‌ఏ’ విలువ 2 అని పెడితే ఫార్వర్డ్ చేస్తూనే ప్రకటనలు కూడా వింటుంది. సాయంత్రం అంతా పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఆగిపోయిందనే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఇదే.

రూటర్ మెనూల్లో ఇంకా కనిపించే పాత సరుకు గురించి: పైన చెప్పిన మైక్రోటిక్ సంగతి వేరు గానీ, మిగతా రూటర్లలో ‘6టు4’ అన్న మీట కనిపిస్తే ముట్టుకోకండి. 2002తో మొదలయ్యే అడ్రసులిచ్చే ఆ పద్ధతి 192.88.99.1 అనే అందరి అడ్రసు మీద ఆధారపడేది. జవాబు ఎవరి రూటర్ గుండా తిరిగొస్తుందో ఎవరి చేతుల్లోనూ లేదు. 2015లో దాన్ని పక్కన పెట్టేశారు. ‘6ఆర్‌డీ’ మీట మీ ఆపరేటర్ అంకెలు ఇస్తేనే పనికొస్తుంది. టెరెడో అనే ఇంకో పాత టన్నెల్ పద్ధతి కాలం ఎప్పుడో చెల్లింది. ఆఫీసు నెట్‌వర్కులు చూసుకునేవాళ్లు బయటికి వెళ్లే 41వ ప్రొటోకాల్‌ను, టెరెడో వాడే యూడీపీ 3544ను మూసి ఉంచుకోవడం మేలు.

చరిత్ర ఎందుకు ఎత్తామంటే, ఇందులో మన ఆపరేటర్లకు సంబంధించిన ముక్క ఒకటుంది. ఐపీవీ6 ప్రయోగాల కోసం 1996లో మొదలైన ‘6బోన్’ నెట్‌వర్క్ 2006 జూన్ 6న ఆగిపోయింది. టన్నెల్ బ్రోకర్ (అడిగినవాళ్లకు టన్నెల్ ఏర్పాటు చేసే సర్వీసు) పద్ధతిని 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3053గా రాసుకున్నారు. ఆ తర్వాత ప్రపంచమంతా వాడిన వాటిలో ఫ్రీనెట్6 2016లో మూతపడింది, సిక్స్‌ఎక్స్‌ఎస్ 2017 జూన్ 6న తలుపులు వేసింది. డబ్బులేక మూయలేదు సిక్స్‌ఎక్స్‌ఎస్ వాళ్లు. ఐపీవీ6 అడిగిన కస్టమర్లను కొందరు ఆపరేటర్లు ‘సిక్స్‌ఎక్స్‌ఎస్ టన్నెల్ పెట్టుకోండి’ అని పంపించేస్తున్నారని గమనించి, ముందు కొత్త రిజిస్ట్రేషన్లు ఆపి, మీ ఆపరేటర్‌కే ఫోన్ చేయండని ప్రచారం పెట్టి, చివరికి సర్వీసే ఆపేశారు. తమ ఉచిత సాయమే ఆపరేటర్లకు సాకుగా మారిందని వాళ్లకు అర్థమైంది. మీ శీర్షికలోని జవాబు చదివినప్పుడు మాకు అదే గుర్తొచ్చింది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ‘ఐపీవీ6 ఉందా’ అని అడిగితే ‘స్టాటిక్ ఐపీ కావాలా సార్’ అన్న జవాబు రావడం మామూలే. అందుకని నోటితో అడగకుండా ఆప్‌లోనో మెయిల్‌లోనో ఈ మాటల్లో రాయమని పాఠకులకు చెప్పండి: ‘నా కనెక్షన్‌కు ఐపీవీ6 డ్యూయల్ స్టాక్, డీహెచ్‌సీపీవీ6 ప్రిఫిక్స్ డెలిగేషన్ ఆన్ చేయండి. ఇచ్చే ప్రిఫిక్స్ సైజు ఎంతో తెలపండి.’ డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోవాలి. జవాబు సరిగా లేకపోతే ఆ నంబరుతోనే అదే ఆపరేటర్ అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు. ఒక్క /64 ఇచ్చి సరిపెడితే ఇంట్లో రెండో నెట్‌వర్క్‌కు చోటుండదు. /56 ఇస్తే 256 వస్తాయి, ఆపరేటర్‌కు పైసా ఖర్చు ఉండదు.

మీ పత్రిక అప్పుడప్పుడూ హైదరాబాద్ బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ల పట్టిక వేస్తుంది: స్పీడు, నెల ధర, ఉచితంగా వచ్చే ఓటీటీలు. ఆ పట్టికలో ఇంకో మూడు గడులు కలపండి. ఐపీవీ4 పబ్లిక్‌గా ఇస్తారా, సీజీనాట్ వెనకా? ఐపీవీ6 ఉందా? ఉంటే ప్రిఫిక్స్ ఎంత? ఆపరేటర్లకు ఈ మూడు ప్రశ్నలు పంపి, జవాబివ్వని చోట గడి ఖాళీగానే అచ్చు వేయండి.

ఇట్లు,
నెట్‌వర్క్ నిర్వహణ పనిలో ఉన్న కొందరు పాఠకులు,
హైదరాబాద్